తెర మీద ఒక్క చెయ్యే

2004 ఏప్రిల్ 26న టాలెమీ-2 అనే ప్రోగ్రాం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. దాని కీలక భాగాన్ని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ లీ బృందం 2000లో రాసింది. వాళ్లేమీ కొత్తవాళ్లు కారు. ఒకేసారి అనేక పనులు నడిచే ప్రోగ్రాములను ఎలా కట్టాలన్నదే వాళ్ల పరిశోధన. డిజైన్‌ను తోటి ఇంజినీర్లు జల్లెడ పట్టారు. కోడ్‌లో ప్రతి వరుసా పరీక్షకు నిలిచింది. ప్రతి రాత్రీ మొత్తం కోడ్‌ను మళ్లీ కంపైల్ చేసి చూసుకునేవారు. నాలుగేళ్ల పాటు ఏ తేడా రాలేదు. ఆ రోజు మాత్రం లోపలి థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు, ఒకదాని కోసం ఇంకొకటి కాచుక్కూర్చుని, ఏదీ ముందుకు కదల్లేదు. ఈ బిగుసుకుపోవడాన్నే డెడ్‌లాక్ అంటారు. ఇంత జాగ్రత్తగా రాసిన కోడ్‌కే ఈ గతి పడితే థ్రెడ్లను నమ్ముకోవడమెలా అని లీ 2006లో ఒక వ్యాసమే రాశారు. సాఫ్ట్‌వేర్ రంగంలో అది బాగా చర్చకు వచ్చింది.

ఆ ప్రోగ్రాం తలకెత్తుకున్న పని ఏమిటంటే, ఒక మోడల్ నడుస్తుండగానే తెర మీది బొమ్మలను కదిపి దాన్ని మార్చే వీలు కల్పించడం. తెర వైపు నుంచి ఒక థ్రెడ్, లెక్కల వైపు నుంచి ఇంకొన్ని థ్రెడ్లు ఒకే సమాచారం మీద చెయ్యి వేస్తాయి. దీన్ని ప్రమాదం లేకుండా ఎలా చేయాలన్న ప్రశ్న మీద కంప్యూటర్ రంగం అప్పటికే ముప్పై ఏళ్లుగా కుస్తీ పడుతోంది.

తెర మీద కనిపించే బటన్, జాబితా, అక్షరాల పెట్టె అన్నీ మెమరీలో కొన్ని అంకెలు, కొన్ని పట్టికలు మాత్రమే. జాబితాలో వంద పేర్లున్నాయనుకుందాం. గీసే థ్రెడ్ అరవయ్యో పేరు గీస్తుండగా, నెట్‌వర్క్ నుంచి కొత్త సమాచారం తెచ్చిన వేరే థ్రెడ్ అందులోంచి యాభై పేర్లు తీసేసిందంటే అరవై ఒకటోది ఎక్కడా దొరకదు. అప్పుడు తెర మీద చెత్త కనిపించవచ్చు, ప్రోగ్రాం కూలిపోవచ్చు. అంతకన్నా పెద్ద తలనొప్పి, ఏమీ జరగనట్టే ఉండి నెల తర్వాత ఎవరి కంప్యూటర్‌లోనో కూలడం. పుస్తకాలు చెప్పే మందు లాక్: ఒకరు వాడుతున్నంతసేపు ఇంకొకరు ఆగాలి. తెర దగ్గర ఆ మందే రోగమైంది.

కథ జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో, అంటే పార్క్‌లో మొదలవుతుంది. 1973లో తయారైన ఆల్టో కంప్యూటర్‌కు బొమ్మలు చూపే తెర ఉంది, మౌస్ ఉంది. ఆ తర్వాత అక్కడే పుట్టిన మెసా భాషలో థ్రెడ్లు భాషలోనే భాగం. లాక్‌ను, డేటాను ఒకే పొట్లం కట్టే 'మానిటర్' అనే పద్ధతిని టోనీ హోర్ 1974లో వివరించారు. దాన్ని నిజమైన పెద్ద వ్యవస్థలో వాడిన అనుభవాన్ని బట్లర్ లాంప్సన్, డేవిడ్ రెడెల్ 1980లో అచ్చువేశారు. మెసా మీద కట్టిన సీడార్ వ్యవస్థలో థ్రెడ్లకు కొదవే లేదు.

1993లో మార్క్ వైజర్ సహా అయిదుగురు పార్క్ పరిశోధకులు సీడార్‌నూ, దానితోపాటు జీవీఎక్స్ అనే ఇంకో వ్యవస్థనూ తిరగేసి, థ్రెడ్లను జనం నిజంగా దేనికి వాడుతున్నారో లెక్క తీశారు. పది రకాల వాడకాలు తేలాయి. వాటిలో ఒకటి వింతగా ఉంటుంది. రెండు విండోల మధ్య సరిహద్దు జరిపిన థ్రెడ్ వాటిని తిరిగి గీయాలి. అందుకు కావలసిన లాక్‌లలో కొన్ని దాని చేతిలో ఉన్నాయి, కొన్ని లేవు. మిగతావి పట్టుకోబోతే ఇరుక్కుపోతుంది. అందుకని గీసే పనికి కొత్త థ్రెడ్లను పుట్టించి తాను తప్పుకునేది. ఇరుక్కోకుండా ఉండటానికే థ్రెడ్లను పుట్టించాల్సిన పరిస్థితి అన్నమాట. జాబితాలో ఇంకొకటి కూడా ఉంది: ఎక్కడెక్కడి నుంచో వచ్చే మౌస్, కీబోర్డు కబుర్లను ఒక వరసలో నిలబెట్టి, ఒకే థ్రెడ్ ఒక్కొక్కటిగా చూసుకోవడం. మిగతా విండో వ్యవస్థల్లో కూడా ఇదే ఉందని, చాలాచోట్ల ఇదొక్కటే ఉందని వాళ్లు గమనించారు. చివరికి నిలిచింది ఆ రెండోదే. కానీ అది రుజువు కావడానికి ఇంకా ఎన్నో ప్రయోగాలు చేసి చేతులు కాల్చుకోవాల్సి వచ్చింది.

బజారులోకి వచ్చిన కంప్యూటర్లకు ఈ గొడవ మొదట్లో లేదు. దానికి కారణం పేదరికం. 1984 జనవరిలో వచ్చిన మెకింటాష్‌లో మెమరీ 128 కిలోబైట్లు. ప్రాసెసర్ వేగం 8 మెగాహెర్ట్జ్‌కు కాస్త తక్కువ. అందులో థ్రెడ్ల మాటే లేదు. ప్రతి ప్రోగ్రాం 'ఏదైనా జరిగిందా' అని అడుగుతూ ఒక లూప్‌లో తిరిగేది. క్లిక్ పడితే దాని పని చేసి, మళ్లీ అడిగేది. 1985 నవంబరులో వచ్చిన విండోస్ 1.0 నుంచి 1992 నాటి 3.1 దాకా అక్కడా ఇదే పద్ధతి. పైగా ప్రోగ్రాములన్నీ మర్యాదగా వంతు వదులుకుంటేనే మిగతావాటికి అవకాశం. ఒకటి పెద్ద లెక్కలో పడితే బాణం గుర్తు ఇసుక గడియారమయ్యేది. కంప్యూటర్ మొత్తం దాని వెనకే నిలబడేది.

ఎంతసేపు నిలబడితే మనిషికి కోపం వస్తుంది? రాబర్ట్ మిల్లర్ 1968లోనే దీని మీద రాశారు. జేకబ్ నీల్సన్ 1993లో ఆ అంకెలను అందరి నోటా పలికించారు. సెకనులో పదో వంతు లోపు జవాబొస్తే వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదకు పోతుంది.

ఆ పదో వంతే ఓఎస్/2కు ప్రాణసంకటమైంది. 1987 చివర్లో వచ్చిన ఆ వ్యవస్థలో నిజమైన థ్రెడ్లున్నాయి. 1988లో దానికి ప్రెజెంటేషన్ మేనేజర్ అనే విండోల వ్యవస్థ తోడైంది. అయితే కీబోర్డు, మౌస్ కబుర్లు అన్ని ప్రోగ్రాములకూ కలిపి ఒకే వరసలో వచ్చేవి. దానికి కారణం ఉంది. ముందు కొట్టిన క్లిక్ ఇంకో విండో తెరవబోతోందేమో. అది తేలకుండా వెనక వచ్చిన అక్షరాలు ఎవరికి ఇవ్వాలి? తేలేదాకా ఆపడమే న్యాయం అనుకున్నారు. దాంతో ఒక్క ప్రోగ్రాం జవాబివ్వకపోతే మిగతా విండోలు కూడా చచ్చుబడేవి, లోపల థ్రెడ్లు హాయిగా నడుస్తున్నా సరే. అందుకే ఏ కబురునైనా సెకనులో పదో వంతులో ముగించండి, అంతకన్నా పెద్ద పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించండి అని ప్రోగ్రామర్లకు చెప్పేవారు. అందరూ వినలేదు.

డేవ్ కట్లర్ నాయకత్వంలో తయారై 1993 జులైలో విడుదలైన విండోస్ ఎన్‌టీ ఆ వరసను ముక్కలు చేసి, ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో క్యూ ఇచ్చింది. విండోను ఏ థ్రెడ్ సృష్టిస్తే ఆ విండో దానిదే. దానికి వచ్చిన కబుర్లను అదే చూసుకోవాలి. బయటి థ్రెడ్ దానితో మాట్లాడాలంటే రెండు దారులు: కబురు పంపి జవాబొచ్చేదాకా నిలబడటం, లేదా క్యూలో పడేసి తన దారిన తాను పోవడం. మొదటి దారిలో ఇద్దరూ ఒకరికొకరు కబురు పంపుకుని ఇరుక్కునే ప్రమాదం ఉంది. అనుభవమున్న విండోస్ ప్రోగ్రామర్లు రెండోదానికే మొగ్గడం అందుకే.

యూనిక్స్ ప్రపంచంలో ఎమ్‌ఐటీలో 1984లో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ మరో దారి తొక్కింది. తెరను గీసే సర్వర్ వేరు, ప్రోగ్రాం వేరు. రెంటి మధ్య సందేశాలే. అయినా ప్రోగ్రాం వైపున్న ఎక్స్‌లిబ్ లైబ్రరీని రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే సందేశాలు కలగాపులగమయ్యేవి. 1994 నాటి విడుదలలో దీనికి లాక్‌లు పెట్టారు గానీ, 'మాకు థ్రెడ్లున్నాయి' అని ప్రోగ్రాం ముందే, మిగతా ఏ పిలుపుకన్నా ముందే చెప్పాలని షరతు పెట్టారు. చెప్పడం మరిచిపోయి కూలిన ప్రోగ్రాములు కోకొల్లలు. ఆ చెప్పే పని లైబ్రరీయే తనంతట తాను చేసుకునేలా మార్చింది 2022లో.

తెర మీద ఎన్ని చేతులైనా వేయవచ్చని గట్టిగా నమ్మినవాళ్లూ లేకపోలేదు. ఆపిల్ నుంచి బయటకొచ్చిన జాన్ లూయీ గాసే పెట్టిన బీ సంస్థ 1995 అక్టోబరులో బీబాక్స్ చూపించింది. అందులో 66 మెగాహెర్ట్జ్ పవర్‌పీసీ ప్రాసెసర్లు రెండు. రెంటికీ పని దొరకాలంటే థ్రెడ్లు కావాలి. అందుకని దాని బీఓఎస్‌లో తెరిచిన ప్రతి విండోకూ సొంత థ్రెడ్ ఉండేది. ఒకే తెర మీద ఎన్నో వీడియోలు తడబడకుండా ఆడుతుంటే చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ప్రోగ్రాం రాసేవాళ్ల అవస్థ వేరు. చిన్న కాలిక్యులేటర్ రాసినా, రెండు విండోలున్నాయంటే లాక్‌ల లెక్క చూసుకోవాలి. ఒక విండో ఇంకో విండోను పట్టుకోబోతే, అదే క్షణంలో అది దీన్ని పట్టుకోబోతే, రెండూ బిగుసుకుంటాయి. వేరే వ్యవస్థల కోసం రాసిన ప్రోగ్రాములను అక్కడికి తేవడం కష్టమైంది. వ్యాపారం సాగలేదు; 2001లో బీ ఆస్తులు పామ్ సంస్థ చేతికి పోయాయి.

అదే రోజుల్లో ఎదురుగాలి కూడా మొదలైంది. టీకే టూల్‌కిట్ సృష్టికర్త జాన్ ఓస్టర్‌హౌట్ 1996 జనవరిలో యూసెనిక్స్ సదస్సులో, చాలా పనులకు థ్రెడ్లు తగవని, తెర పనులకు 'ఏదైనా జరిగిందా' అని అడుగుతూ తిరిగే ఈవెంట్ లూపే సరిపోతుందని వాదించారు.

ఈ వాదాన్ని జావా తన ఒంటి మీద పరీక్షించుకుంది. 1996 జనవరిలో వచ్చిన జావా భాషలోనే థ్రెడ్లున్నాయి, లాక్‌లున్నాయి. కాబట్టి దాని మొదటి తెర లైబ్రరీ ఏడబ్ల్యూటీని ఏ థ్రెడ్ అయినా పిలవవచ్చన్న ఉద్దేశంతోనే కట్టారు. కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో డెడ్‌లాక్‌లు, ఎప్పుడొస్తాయో తెలియని తప్పులు వెంటపడ్డాయి. 1998లో స్వింగ్ లైబ్రరీ వచ్చేసరికి జావాను తయారుచేసిన సన్ సంస్థ వెనక్కి తగ్గింది. తెర మీదకు వచ్చిన ఏ భాగాన్నైనా ఈవెంట్ థ్రెడ్ ఒక్కటే ముట్టుకోవాలి. మిగతావాళ్లు తమ పనిని పొట్లం కట్టి 'ఇన్వోక్ లేటర్' అనే పిలుపుతో దాని వరసలో పెట్టాలి. తెర మీదకు రాకముందు ఎవరైనా తయారుచేసుకోవచ్చని మొదట్లో కాస్త సడలింపు ఉండేది. తర్వాత్తర్వాత తయారీ కూడా ఆ థ్రెడ్‌లోనే జరగాలని మార్చుకున్నారు.

లాక్‌లు పెట్టినా ఎందుకు కుదరలేదో 2004లో సన్ ఇంజినీరు గ్రాహం హామిల్టన్ విడమర్చి చెప్పారు. ఆయన వివరణ ఈ చరిత్ర మొత్తానికి తాళంచెవి. వాడేవాడు క్లిక్ చేస్తే ఆ కబురు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి ప్రోగ్రాంకు ఎక్కుతుంది. ప్రోగ్రాం ఒక రంగు మార్చాలంటే ఆ ఆజ్ఞ లైబ్రరీ గుండా ఆపరేటింగ్ సిస్టమ్‌కు దిగుతుంది. ప్రతి అంతస్తులోనూ లాక్ ఉంది. ఎక్కేవాడు కింది లాక్ ముందు పట్టుకుని పైదాని కోసం చూస్తాడు. దిగేవాడు పైది పట్టుకుని కిందిదాని కోసం చూస్తాడు. ఒక్క బండే పట్టే వంతెన మీదకు రెండు లారీలు ఎదురెదురుగా ఎక్కినట్టే. డ్రైవర్లు ఇద్దరూ నేర్పరులే కావచ్చు, ఇద్దరూ నియమం పాటించి ఉండవచ్చు. వెనక్కి వెళ్లే దారి మాత్రం లేదు. లాక్‌లను అందరూ ఒకే వరసలో పట్టుకోవాలన్నది డెడ్‌లాక్ రాకుండా పుస్తకాలు చెప్పే సూత్రం. ఇక్కడ రెండు దిక్కులూ తప్పనిసరి గనుక ఆ సూత్రం పనికి రాదు. లైబ్రరీ రాసినవాళ్లూ, వాళ్ల ఆప్తులూ జాగ్రత్తగా వాడితే నడవొచ్చేమో గానీ, మామూలు ప్రోగ్రామర్ల చేతిలో పెట్టలేమన్నది ఆయన సారాంశం.

ఇదే ముగింపుకు వేర్వేరు గుమ్మాల నుంచి చాలామంది చేరారు. 1996లో వచ్చిన బోర్లాండ్ డెల్ఫీ రెండో వెర్షన్‌లో థ్రెడ్‌తో పాటే 'సింక్రొనైజ్' అనే పిలుపు ఉండేది. తెర పనిని ప్రధాన థ్రెడ్‌కు అప్పగించడమే దాని పని. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో అదే పని 'ఇన్వోక్' చేసింది. నియమం తప్పినా చాలాసార్లు ప్రోగ్రాం నడిచిపోయేది, అందుకే తప్పు దొరికేది కాదు. 2005 నాటి రెండో వెర్షన్‌లో డీబగ్గర్ కింద నడుపుతుంటే వేరే థ్రెడ్ బటన్‌ను ముట్టుకున్న మరుక్షణం ఎర్రర్ విసిరి ఆపేయడం మొదలుపెట్టారు. నిన్నటి దాకా నడిచిన కోడ్ ఇవాళ ఆగిందేమిటని గగ్గోలు పెట్టినవాళ్లున్నారు. నిజానికి అది నిన్న కూడా తప్పే. జీటీకే లైబ్రరీ తన మొత్తానికి ఒకే పెద్ద లాక్ పెట్టి చాలా ఏళ్లు నెట్టుకొచ్చి, 2012లో ఆ లాక్ పట్టే పిలుపులను వాడొద్దని ప్రకటించింది.

హైదరాబాద్ అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లలో జావా, డాట్‌నెట్ కోర్సులు కిటకిటలాడింది ఈ కాలంలోనే. కోర్ జావా సిలబస్‌లో ఆప్లెట్లు, ఏడబ్ల్యూటీ, స్వింగ్, థ్రెడ్లు వరసగా ఉండేవి. పదేళ్ల తప్పొప్పుల నుంచి తేలిన నియమం అక్కడి కుర్రాళ్ల నోట్స్‌లోకి రెండు వాక్యాల్లో ఎక్కింది.

ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి ఈ కథ ఒక మలుపు తిరిగింది. బీ సంస్థ మూతపడ్డాక అక్కడి ఇంజినీర్లు కొందరు పామ్ మీదుగా గూగుల్ చేరి ఆండ్రాయిడ్ కట్టడంలో ముఖ్యులయ్యారు. డయాన్ హాక్‌బోర్న్ వారిలో ఒకరు. బీఓఎస్‌లో ఉన్న లూపర్, హ్యాండ్లర్, మెసేజ్ అన్న పేర్లే ఆండ్రాయిడ్‌లోనూ కనిపిస్తాయి. విండోకో థ్రెడ్ అన్న పద్ధతి మాత్రం రాలేదు. 2008లో విడుదలైన ఆండ్రాయిడ్‌లో యాప్‌కు ఒకే ప్రధాన థ్రెడ్. తెరను సృష్టించిన థ్రెడ్ కాక వేరేది ముట్టుకుంటే యాప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ థ్రెడ్ మన తాకుడుకు అయిదు సెకన్లు జవాబివ్వకపోతే 'యాప్ ప్రతిస్పందించడం లేదు' అన్న పెట్టె వస్తుంది. 2011లో మరో మెట్టు ఎక్కి, ప్రధాన థ్రెడ్ మీద నెట్‌వర్క్ పని పెట్టడాన్నే నిషేధించారు.

నియమం పెట్టడం తేలిక, దాన్ని పాటించేలా చేయడం కష్టం. 2009లో ఆండ్రాయిడ్ 1.5లో ఇచ్చిన 'ఎసింక్ టాస్క్' దీనికి మంచి ఉదాహరణ. వెనక చేసే పని ఒక చోట, తెర మీద చూపే పని ఇంకో చోట రాస్తే మిగతాది అదే చూసుకునేది. మొదట అది పనులను ఒక్కొక్కటిగా నడిపింది. 1.6లో ఒకేసారి చాలా నడిపింది. యాప్‌లలో తప్పులు పెరగడంతో 3.0లో మళ్లీ ఒక్కొక్కటిగా మార్చారు. పైగా వాడేవాడు ఫోన్ అడ్డంగా తిప్పితే పాత తెర పోయి కొత్తది పుడుతుంది; వెనక నుంచి వచ్చిన ఫలితం పోయిన తెర కోసం వెతుక్కునేది. 2020లో దాన్ని ఇక వాడొద్దన్నారు.

ఆపిల్ 2009లో మ్యాక్‌కు తెచ్చిన గ్రాండ్ సెంట్రల్ డిస్పాచ్ థ్రెడ్లను దాచేసి క్యూలను ముందుకు తెచ్చింది. అందులో ఒక క్యూ తెరకు ప్రత్యేకం. 2012లో సీ షార్ప్ భాషకు వచ్చిన ఎసింక్, అవెయిట్ పదాలతో పని వెనక్కి వెళ్లి, ఫలితం తిరిగి తెర థ్రెడ్ మీదకే రావడం మామూలు వరుసలు చదివినంత సాఫీ అయింది. 2017లో ఆపిల్ ఎక్స్‌కోడ్‌లో నియమం తప్పినవాళ్లను ప్రోగ్రాం నడుస్తుండగా పట్టే తనిఖీ పెట్టారు. 2021లో స్విఫ్ట్ భాష ఈ పని తెర థ్రెడ్‌దే అని కోడ్‌లోనే గుర్తు పెట్టే వీలిచ్చి, ఆ కాపలాలో కంపైలర్‌కూ వంతు ఇచ్చింది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ 1995 నుంచీ ఒకే లూప్ మీద నడుస్తోంది. తర్వాత వచ్చిన వెబ్ వర్కర్లకు పేజీని ముట్టుకునే హక్కే ఇవ్వలేదు. పేజీతో మాట్లాడాలంటే సందేశం పంపడమే వాటికి దారి.

ఒక్క థ్రెడ్ మీద బరువు పెరుగుతూనే ఉంది. సెకనుకు 60 సార్లు గీసే తెరకు ఒక్కో బొమ్మకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, 120 సార్లు గీసే కొత్త ఫోన్లలో అందులో సగమే. అందుకే 2014లో ఆండ్రాయిడ్ 5.0 నిజంగా బొమ్మ వేసే పనిని విడదీసి వేరే థ్రెడ్‌కు ఇచ్చింది. ఏం వేయాలన్న నిర్ణయం, బటన్లూ జాబితాలూ ఉండే పట్టికలు మాత్రం ప్రధాన థ్రెడ్ దగ్గరే ఉంచుకుంది.

బీఓఎస్ దారి పూర్తిగా మూసుకుపోలేదు. దాన్ని మళ్లీ మొదటి నుంచి రాయడానికి 2001లో ఔత్సాహికులు మొదలుపెట్టిన పథకం హైకూ పేరుతో సాగుతోంది. తొలి బీటా 2018 సెప్టెంబరులో వచ్చింది. అందులో నేటికీ విండోకు ఒక థ్రెడ్ ఉంటుంది. బయటి థ్రెడ్ ఆ విండోను ముట్టుకోవాలంటే ముందు లాక్ పట్టుకోవాలి. ఆ జాగ్రత్త ప్రోగ్రాం రాసేవాడిదే.